పరాసుపేట చాప

నేను ఒక కొబ్బరిపీచు చాపను. పడుకోవడానికి కాదు, క్రికెట్ ఆడటానికి పుట్టినదాన్ని. కోనసీమలో నన్ను నేసినవాళ్లు ఆ ఆట ఎన్నడూ చూడలేదు. నేను బందరు చేరింది 1974 జనవరి 6, ఆదివారం. ఆ మధ్యాహ్నం పరాసుపేట క్లబ్బు కుర్రాళ్లు నా చుట్టూ కూర్చుని విస్తరాకుల్లో పులిహోర, మాగాయ తిన్నారు. నా మీద రాలిన మెతుకులను చీమలు సాయంత్రం దాకా మోసుకుపోయాయి.

పులిహోర చేసింది శ్యామలగారు. క్లబ్బు కార్యదర్శి, కాలేజీలో చరిత్ర చెప్పే సీతాపతిగారి భార్య. నా అంచులకు గుడ్డ వేసి దబ్బనంతో కుట్టిందీ ఆవిడే. పనయ్యాక ఒక కొసన ఎర్రదారంతో 'పరాసుపేట' అని కుట్టారు.

"పేరెందుకే? నాలుగు ఆటలకి తెగిపోతుంది" అన్నారు సీతాపతిగారు.

"తెగితే మళ్లీ కుడతాను. మీకేం నొప్పి?" అన్నారావిడ.

ఏటా కుట్టారు. ఆ కొస రేవువైపు ఉంటేనే గెలుస్తామని మా జట్టు నమ్మకం. ఓడిన రోజు గాలిని తిట్టేవారు తప్ప నమ్మకాన్ని వదిలేవారు కాదు.

నన్ను పిచ్ మీద పరిచేటప్పుడు నీళ్లు చల్లి, ఒక కొస మావాళ్లు, రెండో కొస ఎదుటి జట్టు పట్టుకుని లాగేవారు. అలా ఎదురెదురుగా లాగితేగాని ఇద్దరూ ఆడుకునే చోటు తయారయ్యేది కాదు. మనుషులు నాకు బాగా నచ్చింది ఆ కాసేపే.

తర్వాత మా జట్టు ఆడే ఊరి లీగు మారింది. ఈడేపల్లి జట్టు చొక్కాల మీదికి ఒక బట్టలకొట్టు పేరు ఎక్కింది. కొన్నాళ్లకు జట్టు పేరే అదయింది. కొట్టు మూతపడ్డాక జట్టూ లేదు. మా కుర్రాళ్లు ఎవరి బండి మీద వాళ్లు వచ్చి, ఆట కాగానే ఎవరి దారిన వాళ్లు పోయేవారు. పులిహోర మిగిలిపోసాగింది. శ్యామలగారు పోయాక చేసేవారే లేరు. ఎర్రదారం తెగినచోట తెగినట్టే ఉండిపోయింది.

చివరికి పదకొండుమంది దొరకడం కష్టమైంది. ఊళ్లో కొత్తగా వెలిసిన అకాడమీకి ఆటగాళ్లున్నారు, లీగులో చోటు లేదు. మాకు చోటుంది, ఆటగాళ్లు లేరు.

"చోటు తీసుకోండి. పేరు మాత్రం ఉంచండి బాబూ" అని అడిగారు సీతాపతిగారు.

"తప్పకుండా మాస్టారూ" అన్నారు వాళ్లు. ఒక్క ఏడాది ఉంచారు కూడా. పచ్చిక పిచ్ వేసుకున్నాక నన్ను ముక్కలుగా కోసి గుమ్మాల ముందు పడేశారు. లీగులో పరాసుపేట పేరు ఇక మిగిలింది, ఆటగాళ్ల గది ముందున్న ఈ ముక్క మీదే.

ఒక సాయంత్రం సీతాపతిగారు చేతిసంచితో వచ్చారు, నన్ను ఇంటికి తీసుకుపోదామని. మోకాళ్లు పట్టుకుని వంగారు. ఆయన వేళ్లు దారం మీద ఆగిపోయాయి. అంతలో అకాడమీ అమ్మాయిల జట్టు వికెట్‌కీపరు జెస్సీ వచ్చి, బూట్లు నా అంచున తుడుచుకుని, అక్షరాలను దాటి గడప ఎక్కింది. వెనకాల వచ్చిన అమ్మాయిలూ అలాగే దాటారు.

"తొక్కరేంటమ్మా?"

"ఎవరో కూర్చుని కుట్టారు కదండీ తాతగారూ. తొక్కబుద్ధి కాదు. కొత్తగా చేరినోళ్లకీ ఇదే చెప్తాం. ఎవరు కుట్టారో మీకు తెలుసాండీ?"



"పులిహోర బాగా చేసేది" అన్నారాయన.

నన్ను సంచిలో పెట్టుకోలేదు. అక్షరాలు రేవువైపు ఉండేలా మెల్లగా తిప్పి, ఖాళీ సంచి మడిచి చంకన పెట్టుకుని వెళ్లిపోయారు. చీకటి పడేవేళకు మిగతావాళ్లంతా వెళ్లారు. జెస్సీ దీపం ఆర్పి, నేను తిరిగి ఉన్న వైపు ఒకసారి చూసి, నన్ను కదపకుండా తలుపు దగ్గరగా వేసింది.