చినారు చెట్టులో కొరికిన రొట్టె

తెల్లారగానే మవ్‌జూదా చేసే మొదటి పని చెట్టు తలుపు తీయడం. జెరఫ్షాన్ లోయలోని ఆ చినారుకి వెయ్యేళ్ళని ఊరి ముసలివాళ్ళు, కాదు పన్నెండొందలని వాళ్ళకంటే ముసలివాళ్ళు వాదించుకుంటారు. దాని తొర్రలో పదిమంది కూర్చునే టీకొట్టు ఉంది. మవ్‌జూదా లోపల ఊడ్చి, తివాచీ దులిపి, నీళ్ళు కాచి, చివరికి మేకుకి వేలాడుతున్న రొట్టెను తడిమి చూస్తుంది. పదకొండేళ్ళ కిందటి రొట్టె, ఒక పక్క కొరికి ఉంది. ఈవేళ కూడా వేడిగానే ఉంది. ఆమెకు ఏడుపొచ్చింది.

ఆ లోయలో ఆచారం, దూరం వెళ్ళేవాడు రొట్టె ఒక్క ముక్క కొరికి వెళ్తాడు. మిగతాది తిరిగొచ్చి తానే తినాలి. ఎవరింట్లోనైనా అది ఏడాదికి రాయవుతుంది. రెండేళ్ళకి పెద్దలు దాన్ని పిట్టలకు వేసి, వెళ్ళినవాడి పెళ్ళాంతో "పోనీలే తల్లీ, ఇక నీ దారి నువ్వు చూసుకో" అంటారు. మవ్‌జూదా మొగుడు నోసిర్ రష్యాకి కూలికి పోయిన రోజు వాళ్ళమ్మ సబోహత్ మాత్రం ఎలుకల భయంతో రొట్టెను తెచ్చి చెట్టులో తగిలించింది. చినారులో పెట్టింది చెడదని ఊళ్ళో చంటిపిల్లకి కూడా తెలుసు. ఆ చెడని రొట్టె కోడల్ని కట్టిపడేస్తుందని ఆ హడావిడిలో ఆవిడకే తట్టలేదు. వేడి రొట్టె ఉన్న ఇంటి కోడలికి దారి చూసుకోమని ఎవరు చెబుతారు?

మధ్యాహ్నం కొండ అవతలి పుట్టింటి నుంచి అన్న దవ్రాన్ జీపులో వచ్చాడు.

"చెల్లీ, మన ఊరి ఆసుపత్రిలో నర్సు కావాలట. నువ్వు చదివింది అదేగా. రేపటికి చేరకపోతే ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారు. మూట కట్టు."

టీ తాగుతున్న ముసలాయన అడ్డొచ్చాడు. "రొట్టె ఇంకా పొగలు కక్కుతోంది కదయ్యా! మొగుడు వచ్చే వేళ పిల్లనెక్కడికి తీసుకుపోతావు?"

"పదకొండేళ్ళుగా వస్తూనే ఉన్నాడు తాతా! నడిచొచ్చినా ఈపాటికి మూడుసార్లు వచ్చి పోయుండేవాడు. అక్కడ వాడికి పెళ్ళాం, ఇద్దరు పిల్లలు. నా కళ్ళతో చూశాను."

ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఆ సంగతి అందరికీ తెలిసిందే. కానీ ఊళ్ళో చెల్లేది రొట్టె మాటే.

మవ్‌జూదా మూల కూర్చున్న అత్తవైపు తిరిగింది. "అత్తయ్యా..." అంది.

"ఆ రొట్టె ఇలా తే" అంది సబోహత్.

అన్నకి చూపించడానికే అనుకుంది మవ్‌జూదా. ఇక అయిపోయింది, ఈ తొర్రలోనే తన బతుకు తెల్లారిపోతుందనుకుంది. మేకు మీంచి తీసి రెండు చేతులతో అందించింది.

ముసలిది కొడుకు పళ్ళ గుర్తుల మీద బొటనవేలితో నిమిరి, రొట్టెను చటుక్కున తుంచింది.

"అయ్యయ్యో! అది వాడి వంతు! వాడి దారి మూసుకుపోతుంది!" అని ముసలాయన లేచాడు.

"మూసుకోనీ. వాడికోసం తలుపు తీసిపెట్టి నేనూ పదకొండు చలికాలాలు వణికాను."

ఆవిడ నోట్లో ఒక్క పన్ను లేదు. ఎండు రొట్టెయితే నమలలేకపోయేది. ఇది ఇప్పుడే పొయ్యిలోంచి తీసినంత మెత్తగా ఉంది. మవ్‌జూదా ఒక ముక్క కోసం చెయ్యి చాపితే ఆ చేతిని తోసేసింది.

"నువ్వు ముట్టకు. ఆ పాపం నీకెందుకు? వాణ్ణి కన్నదాన్ని, నేనే తింటాను."

ఏడుస్తూనే, రవ్వంతైనా రాలనివ్వకుండా మొత్తం తినేసింది. తర్వాత కోడలి నడుముకున్న చెట్టు తలుపు తాళంచెవి తనే విప్పుకుంది.

"వెళ్ళు. మంచు పడకముందే కనుమ దాటండి."