అంచు మీది పేరు

దేశానికి ఉత్తరాన ఉన్న కడూనా ఊరి బజారులో పెళ్ళిగుడ్డ కొనడమంటే చిన్న విషయం కాదు. పెళ్ళికి వచ్చే ఆడవాళ్ళంతా ఒకే రకం గుడ్డ కుట్టించుకుంటారు కనుక నలుగురి నోళ్ళకూ సమాధానం చెప్పుకోవాలి. అందుకే పెళ్ళికూతురు లంతానా తన పెద్దమ్మ తలాతును వెంటబెట్టుకుని వెళ్ళింది.

తలాతు ఇరవై రెండేళ్ళు బట్టల మిల్లులో పనిచేసిన మనిషి. వెలుగుతున్న గాజు బల్ల మీద గుడ్డ జారిపోతుంటే, తప్పు కనిపించిన చోట ఎర్రదారం ముడి వేయడం ఆమె పని. మిల్లు మూతపడి తొమ్మిదేళ్ళయింది. భర్త పోయాడు. తోటివాళ్ళు తలో ఊరికీ వెళ్ళిపోయారు. కార్మికుల వాడలో మిగిలిన తలాతుకు ఒక్క మనిషికి ఎంత సంకటి వండాలో ఇప్పటికీ చేతికి రాలేదు.

దుకాణదారు సానుసి విప్పిన నీలం గుడ్డ అంచు చూసి ఆమె దాన్ని దగ్గరికి లాక్కుంది. అంచు పొడవునా తన మిల్లు పేరే అచ్చయి ఉంది.

"ఇదెప్పటిది నాయనా?"

"కొత్త సరుకు పిన్నీ. మొన్ననే దిగింది. ఆలోచించావంటే అయిపోద్ది!"

అలవాటుగా గుడ్డను వెలుతురుకు పట్టింది. నేత పలచన అని వేళ్ళు చెప్పాయి. ఆమె వేళ్ళ మాట వినలేదు. మిల్లు తెరిచారు, తనకు కబురు చెప్పే దిక్కు లేక తెలియలేదు, అనుకుంది. పాపం, అలా అనుకోవాలని ఆమెకు ఎంత ఆశో! పెళ్ళికి ఆ నీలం గుడ్డే కొన్నారు.

మర్నాడు పొద్దున్నే పెట్టె అడుగు నుంచి మిల్లు కోటు తీసి తొడుక్కుంది. వెనకటిలాగే ఇద్దరికి సరిపడా సంకటి, బెండకాయ పులుసు కట్టుకుని గేటు దగ్గరికి వెళ్ళింది. గేటుకు తాళం వేసే ఉంది. లోపల మేకలు మేస్తున్నాయి.

"ఏందక్కా, కోటేసుకొచ్చావు? మేకలకు డ్యూటీలు వేస్తావా?" అన్నాడు కాపలాదారు యొహానా.

"వేళాకోళాలొద్దు. మన గుడ్డ బజార్లో ఉంది. పేరు నా కళ్ళతో చూశాను."

అతని నవ్వు ఆగిపోయింది. "ఎక్కడో నేసి మన పేరు అచ్చేసి ఓడలో దింపుతున్నారక్కా. మన పేరుకు గిరాకీ ఉంది, మనకే లేదు. మన బాయిలరు ఎందుకు ఆగిందో మర్చిపోయావా?"

ఎలా మరుస్తుంది? బాయిలరులో మండించే నూనె దొరక్కే ఆగింది. దేశానికి దక్షిణాన నేలలోంచి తోడిన నూనె ఓడలెక్కి పోయింది. ఆ డబ్బుతో బయటి గుడ్డ వచ్చి పడుతుంటే ఇక్కడ నేసే తంటా ఎందుకని దేశాన్నేలే పెద్దలు మిల్లును గాలికొదిలేశారు.

తలాతు గేటు ముందే కూలబడింది. కాసేపటికి మూట విప్పి, రెండో భాగం యొహానా ముందు పెట్టింది.

"నా పక్కన ఎవరన్నా కూర్చుని తిని ఎన్నేళ్ళయిందో అక్కా," అన్నాడతను, తల ఎత్తకుండా.

పెళ్ళినాడు ఆడవాళ్ళంతా నీలం కట్టారు. తలాతు ఒక్కతే పాత మిల్లు గుడ్డ, వెలిసిన ఆకుపచ్చది, కట్టుకుని వచ్చింది.

"ఏం పెద్దమ్మా, మాతో కలవనంటావా?" అని దెప్పారు.

ఆమె తన వంతు నీలం గుడ్డ తెచ్చి లంతానా చేతిలో పెట్టింది. అంచు మీది పేరు దగ్గర ఎర్రదారం ముడి ఉంది.

"తప్పెక్కడ పెద్దమ్మా?" అంది లంతానా, ముడి తడుముతూ.

"మన దగ్గరే తల్లీ. నేలలో నూనె పడిందని మురిసి మగ్గాలు ఆపుకున్నాం. నూనె అమ్మితే గుడ్డలొస్తాయి, పక్కన కూర్చుని పనిచేసే మనుషులు రారు. తన మనుషుల చేతులకు పని పెట్టని దేశం ఎంత నూనె తోడినా పేదదే."