గుర్రపావు

తిర్జా కోల్బర్న్‌కు ఆ పేరు పందొమ్మిదో ఏట పడింది. వెర్మాంట్ కొండల్లో ఏటా సెప్టెంబరులో జరిగే పశువుల ప్రదర్శనలో తన మొదటి బొమ్మ పెట్టింది. పొద్దుటి పొగమంచులో పడుకున్న ఆవు పైకి లేస్తున్న బొమ్మ. పశువులను ఎంచి మెడకు నీలి రిబ్బను కట్టే పెద్దమనిషి అసాహెల్ ట్రెడ్‌వే దాని ముందు ఆగాడు. నోట్లోంచి పైపు తీసి నింపాదిగా అడిగాడు.

"ఏం పిల్లా, ఇది ముందు కాళ్ల మీద లేస్తోందేంటి? అలా లేచేది గుర్రం. ఆవెప్పుడూ వెనకభాగమే ముందు లేపుద్ది. ఇంతకీ ఇది ఆవా, గుర్రమా? లేకపోతే గుర్రపావా?"

ప్రదర్శన పాకంతా ఘొల్లున నవ్వింది. పాడి మీద బతికే ఊళ్లో అంతకన్నా తలవంపులు ఇంకేముంటాయి? మర్నాటి నుంచి చర్చిలోనూ కొట్లోనూ ఆమె గుర్రపావే. ఆ రాత్రి ఏడ్చింది. తెల్లవారుజామునే లేచి, వాళ్ల నాన్న కొట్టంలో పాల బకెట్టు బోర్లించి కూర్చుని, పద్నాలుగు ఆవులూ ఎలా లేస్తాయో వరసగా చూసింది. ఆ బకెట్టు మీద నుంచి ఆమె ముప్పై ఏళ్లు దిగలేదంటే అబద్ధం కాదు.

కూటి కోసం కోటి విద్యలన్నారు. తిర్జా బోస్టన్ వెళ్లి షావుకార్ల పెంపుడు కుక్కలను గీసింది, పందెపు గుర్రాలను గీసింది, ఆడపిల్లల బడిలో బొమ్మలు నేర్పింది. సెలవులొస్తే కొండలెక్కి, వాగులనూ మంచునూ కాన్వాసు మీదకు ఎత్తుకొచ్చేది. అక్కడివాళ్లు ఆమెను కుక్కలావిడ అన్నారు. ఒక ఊళ్లో గుర్రపావు, ఇంకో ఊళ్లో కుక్కలావిడ, తల్లిదండ్రులు పెట్టిన పేరుతో పిలిచే నాథుడే లేడు.

నలభై తొమ్మిదో ఏట అన్న పొలానికి తిరిగొచ్చి, జీవితమంతా దాచుకున్న బొమ్మ మొదలుపెట్టింది. మే నెల సాయంత్రం, ఏటవాలు పచ్చిక, దూరంగా మేస్తున్న మంద. అంచున ఒంటరిగా నిలబడిన ఎర్రావు. ఆ ఆవు పేరు పేషెన్స్.

వేసవి గడపడానికి వచ్చిన బోస్టన్ బొమ్మల వ్యాపారి లోరింగ్ దాన్ని దగ్గరికొచ్చి ఒకసారి, వెనక్కి జరిగి ఒకసారి చూశాడు.

"కొండ అద్భుతం, వెలుతురు అద్భుతం. ఆవు వెనకభాగం మాత్రం కుదరలేదండీ. తోక పక్కన ఆ గుంటలేమిటి? ఎముకలు బయటపడ్డాయి. నిండుగా చేయండి. మా ప్రదర్శనలో నడిగోడ మీద వేలాడదీస్తాను. ఇలాగే ఉంచుతానంటే మాత్రం నేను తీసుకోలేను. మీ కుక్కలు మీకు ఉండనే ఉన్నాయి."

పశువుల ప్రదర్శన చివరిరోజు దాకా గడువిచ్చాడు. తిర్జా ఆశపడింది. పడకేం చేస్తుంది? ఈ వయసులో ఇంకో లోరింగ్ గడప తొక్కుతాడా? ఎర్రరంగు కలిపింది, కుంచె ముంచింది. పావుగంట పని. కానీ గీసిన రోజున పేషెన్స్ ఒంటి మీద ఆ గుంటల్లో తను రెండు వేళ్లూ పెట్టి చూసింది. ఉన్నది లేదని గీస్తే అది మళ్లీ గుర్రపావే. కుంచె కడిగేసి, బొమ్మను ఉన్నదున్నట్టే ప్రదర్శనకు మోయించింది.

బొమ్మలకు అక్కడ ఆడవాళ్ల పాకలోనే చోటు. అతుకుల దుప్పట్లకూ దోసకాయ ఊరగాయ సీసాలకూ మధ్య వేలాడింది. లోరింగ్ వచ్చి చూసి, "సరిచేయలేదన్నమాట" అని టోపీ పెట్టుకోబోయాడు. సరిగ్గా అప్పుడే చేతికర్ర పొడుచుకుంటూ అసాహెల్ లోపలికొచ్చాడు. డెబ్భై ఎనిమిదేళ్లొచ్చినా పశువులను ఎంచేది ఆయనే.

ఆయన బొమ్మ ముందు ఆగాడు. అసాహెల్ కొండ వైపు చూడలేదు, వెలుతురు వైపు చూడలేదు. ఆవు తోక దగ్గరికి మొహం పెట్టి, కళ్లు చికిలించి, వెనక్కి తిరిగాడు.

"ఎవరిదీ ఆవు?"

"మా అన్నది, బాబాయ్."

"మీ అన్నకి బుద్ధుందా? దీన్ని చలిలో కొండ మీద వదిలేశాడేంటి? తోక పక్కన గుంటలు పడ్డాయి, నడుం జారింది, మందలోంచి విడిపోయి నిలబడింది. తెల్లారేలోపు ఈనుద్ది. ముందు కొట్టంలోకి తోలమను."

ఎవరో కిసుక్కుమన్నారు. "బాబాయ్, అది బొమ్మ."

"బొమ్మని నాకూ తెలుసులే. నేను మాట్లాడేది ఆవు గురించి."

తిర్జా ఒక అడుగు ముందుకొచ్చింది. "మే నెలలో ఒక మంగళవారం పొద్దుగూకే వేళ చూసి గీశాను, బాబాయ్. బుధవారం కోడి కూయకముందే ఈనింది. పెయ్యదూడ."

అసాహెల్ తల పంకించాడు. కోటు జేబులోంచి నీలి రిబ్బను తీసి, పటం మూలకు కట్టడం మొదలుపెట్టాడు. పాక పెత్తనం చూసే హెప్‌జిబా పరుగున వచ్చింది.

"అసాహెల్, అది పశువులకి కట్టేది. మా పాకకి తెల్ల రిబ్బన్లు వేరే ఉన్నాయి."

"నేను ఎంచేది పశువులనేగా. ఆ దొడ్లో ఉన్నవన్నీ చూసొచ్చాను, హెప్‌జిబా. ఇంతకన్నా నిఖార్సైన ఆవు నాకు కనబడలేదు."

నవ్విన నాపచేనే పండుతుందంటారు. పండిన చేను ముందు నిలబడిన తిర్జాకు పట్టలేనంత సంతోషమేసింది. దాన్ని దాచుకోవాలని కూడా ఆమెకు అనిపించలేదు.

లోరింగ్ చేతిలో టోపీ చేతిలోనే ఉంది. "సోమవారం రైలుకి పంపండి. ఉన్నదున్నట్టే నడిగోడ మీద పెడతాను."

"రిబ్బను విప్పకూడదు మరి" అంది తిర్జా.

"విప్పను."

గుమ్మం దగ్గర ఒక కుర్రరైతు పక్కవాడిని పొడిచాడు. "గుర్రపావుకి రిబ్బనట్రా."

బయటికి వెళ్తున్న అసాహెల్ కర్ర ఆపి తిరిగాడు.

"ఆ పేరు పెట్టిన నోరు నాది. నేనే తీసేస్తున్నా. ఆవిడ పేరు తిర్జా కోల్బర్న్. అది ఆవు."