గుట్ట ఎక్కడ అంటుకుంది

ఆ ఎండాకాలం ఫలక్‌నుమా వెనక రాళ్లగుట్ట మూడోసారి అంటుకుంది. మిట్టమధ్యాహ్నం. యశోద కొట్టంలో బర్రెలకు కుడితి పెడుతోంది. గుట్ట మీద పొగ లేవడం చూసింది గానీ, అంతకుముందు రెండుసార్లూ మంట పైకే పోయి రాళ్ల దగ్గర ఆరిపోయింది కాబట్టి పట్టించుకోలేదు. ఈసారి గాలి మళ్లింది. నడుమెత్తు ఎండుగడ్డి చిటపటమంటూ కిందికి కాలుతూ వచ్చి గడ్డివామును, ఆ వెంటనే కొట్టాన్నీ అందుకుంది.

పదకొండు బర్రెల పలుపులు కోసి బయటికి తోలింది. మూలన కట్టేసిన పాలుతాగే దుడ్డె దగ్గరికి మాత్రం చేరలేకపోయింది. అది అరిచిన అరుపు చాలాసేపు వినబడింది. తర్వాత వినబడలేదు.

ఫైరింజన్ వచ్చి పోయింది. బూడిదలో నిలబడి ఉండగానే గోడ అవతలి నుంచి ఉమాపతి గొంతు వినిపించింది. ఆ గోడ వెనక, గుట్ట వారనే అయిదేళ్ల కింద లేచిన గిరిశిఖర అపార్ట్‌మెంట్స్‌కు ఆయన అధ్యక్షుడు. కాకినాడ మనిషి, రిటైరైన ఇంజినీరు. చేతిలో ఫోను పట్టుకుని వీడియో తీస్తున్నాడు.

"చూశారా? పచ్చగడ్డి మొలుస్తుందని గుట్ట తగలబెట్టేది వీళ్లే. మూడుసార్లు! ఇక్కడ ముసలాళ్లకి ఊపిరాడట్లేదు."

"నా దుడ్డె సచ్చింది సారూ! సొంత కొట్టానికి ఎవలన్న అగ్గి పెట్టుకుంటరా?"

"పెట్టింది గుట్టకి. గాలి మీవైపు తిరిగింది. దానికి నన్నేం చెయ్యమంటావు?"

యశోద చేతిలో ఉన్న బొగ్గుకట్టె గోడకేసి కొట్టింది. ఆయన వెనక్కి కూడా జరగలేదు, దాన్నీ వీడియోలో పట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున భర్త వేణుగోపాల్ పాలక్యాన్లు తీసుకెళ్లినట్టే తిరిగి తెచ్చాడు. అపార్ట్‌మెంట్ గేటు దగ్గరే ఆపేశారట. "కాలబెట్టెటోళ్ల పాలు మాకద్దన్నరు," అని క్యాను నేలకు కొట్టినట్టు దించాడు. మామ ఈశ్వరయ్య మంచం మీంచే కాండ్రించి ఉమ్మాడు. "నిన్న మొన్న వచ్చినోళ్లు. గుట్ట వీళ్ల అయ్య జాగీరా?"

నాలుగోరోజు అటవీశాఖ నుంచి నందిని అనే ఆఫీసరు వచ్చింది. సన్నగా, మాట తక్కువగా. ఎక్కడెక్కడ మంట మొదలైందో చూడాలని అంది. యశోద ఎగిరి గంతేసినంత పని చేసింది. "రండి మేడమ్, నేను సూపిస్త. అంతా వాళ్లదే." సంగతి తెలిసి ఉమాపతి కూడా టోపీ పెట్టుకుని వెంట వచ్చాడు. కర్ర ఊతంగా ఈశ్వరయ్య, వెనక వేణుగోపాల్.

నందిని నేల చూస్తూ నడిచింది. ఒక బండ దగ్గర ఆగి చెయ్యి పెట్టింది. "మంట ఎటునుంచి వస్తే రాయి అటుపక్కే ఎక్కువ నల్లబడతది. గడ్డికాడ మొదట్ల కాలి, మంట వచ్చిన దిక్కే వాల్తది. వెనకకు పోతుంటే మొదలు దొరుకుతది."

మొదటి మంట అపార్ట్‌మెంట్ ప్రహరీ కిందికే తీసుకెళ్లింది. అక్కడ ఊడ్చిన ఆకులు, అట్టపెట్టెలు కాల్చిన గుంట ఉంది. రెండోది వాళ్ల వాకింగ్ దారి పక్కన, సిమెంటు బెంచీ కింద, సిగరెట్ పీకల మధ్య.

"ఇప్పుడేమంటరు సారూ?" యశోద అరిచింది. "మా నోటికాడి కూడు తీస్తిరి గదా!"

"పీకలు ఎవరైనా పడెయ్యొచ్చు," అన్నాడు ఉమాపతి. మొహం కందగడ్డలా ఉంది. "మూడోది చూడండి మేడమ్. అసలు నష్టం చేసింది అదే."

మూడోదాని వెంట పోతుంటే యశోదకు నడక తడబడింది. కాడలు అపార్ట్‌మెంట్ వైపు వాలలేదు. బండల నలుపు తమ కొట్టం పైన ఉన్న మేతదారి వైపు తిరిగింది. దారి అంచున గడ్డి వరుసగా, గీత గీసినట్టు కాలి ఉంది. గీత చివర రాయి కింద సగం కాలిన గుడ్డపేలిక. నందిని పుల్లతో లేపింది. కిరోసిన్ వాసన. ఎర్రగళ్ల తువ్వాల ముక్క.

ఆ తువ్వాలను వారానికి రెండుసార్లు ఉతికేది యశోదే.

వెనక్కి చూసింది. ఈశ్వరయ్య గుట్ట పైకి చూస్తున్నాడు. వేణుగోపాల్ కళ్లతోనే వద్దన్నాడు.

"ఇది ఎవరిదో తెలుసా?" నందిని అడిగింది.

యశోదకు దుడ్డె అరుపు గుర్తొచ్చింది. ఇన్నిరోజులూ అపార్ట్‌మెంట్ కిటికీలు చూస్తూ తిట్టిన తిట్లు కూడా.

"మాదే," అంది. "మా మామది."

"థూ!" ఈశ్వరయ్య కర్ర ఎత్తాడు. కొడుకు పట్టుకున్నాడు. "నా ఇంట్ల తిని నన్నే పట్టిస్తవా? మా తాతలకాన్నించి కాలుస్తున్నం, ఏనాడన్న ఇట్లయిందా?"

"అప్పుడు గుట్ట కింద గిన్ని ఇండ్లున్నయా మామా? మన కొట్టం గుట్టను ఆనుకొని ఉండెనా?"

"నేను మొదట్నుంచీ అదే చెబుతున్నా!" ఉమాపతి చప్పట్లు కొట్టినంత పని చేశాడు.

నందిని రాసుకుంటూ తలెత్తింది. "మూడు మంటలు, మూడుచోట్ల. ఒకటి వాళ్లది. ఒకటి మీ చెత్తది. ఒకటి మీ వాకింగ్ దారిది. మూడూ మనిషి కాలు పడ్డకాన్నే మొదలైనయి సార్. లోపల, రాళ్లల్ల, ఎవరూ పోనికాడ ఒక్కటి లేదు." రెండు నోటీసులు రాసింది. ఒకదాని మీద తన పేరుందని చూసి ఉమాపతి కాగితం అందుకోకుండానే వెళ్లిపోయాడు.

ఆరోజు నుంచి ఈశ్వరయ్య కోడలి చేతి నీళ్లు ముట్టలేదు. కార్వాన్‌లో ఉన్న ఆడబిడ్డ ఫోన్‌చేసి, ముసలాయనకు ఏమన్నా అయితే నీదే పాపమంది. అపార్ట్‌మెంట్ గేటు తెరుచుకోలేదు. వేణుగోపాల్ పాలు బేగంబజార్ హోటళ్లకు మోసుకెళ్తున్నాడు. "నిజం జెప్పి ఏం సాధించినవ్?" అని ఒకసారి అడిగాడు.

యశోద కొడవలి తీసుకుని కొట్టానికీ గుట్టకీ మధ్య పది అడుగుల వెడల్పున గడ్డి కోయడం మొదలుపెట్టింది. కోసిన చోట పారతో చెక్కి ఎర్రమట్టి తేల్చింది. అరచేతులు బొబ్బలెక్కాయి. అపార్ట్‌మెంట్ బాల్కనీల్లోంచి జనం చూశారు. ఆరోరోజు వేణుగోపాల్ రెండో చివర నుంచి చెక్కుతూ వచ్చాడు. మధ్యలో ఇద్దరి పారలూ కలిశాయి.

ఏప్రిల్ ఆఖర్లో గుట్ట మళ్లీ అంటుకుంది. ఈసారి రోడ్డు వంపు దగ్గర, బండ్లు ఆపుకుని జనం టీ తాగేచోట. మంట గుట్టంతా తిరిగి, యశోద చెక్కిన మట్టిదాకా వచ్చి ఆగిపోయింది. బర్రెలు పలుపులు గుంజుకున్నాయి గానీ ఏ ఒక్కదానికీ ఏమీ కాలేదు.

ఆమె బకెట్లు పట్టుకుని మట్టిగీత మీద నిలబడి ఉండగా, ఉమాపతి బాల్కనీలోంచి ఫోన్లో గట్టిగా చెబుతున్నాడు: "అవునండీ, మళ్లీ వాళ్లే. ఆ బర్రెలవాళ్లే."