ఆషాఢంలో నిండిన ఇరవై మూడు

"ఇవాళే పంపిస్తే ఏం పోతుంది?"

రెండువేల ఇరవై అయిదు జూన్ ఇరవై ఎనిమిది, శనివారం సాయంత్రం, కాన్‌బెరాలోని హారిసన్‌లో, చలపతిగారింటి హాల్లో, పదకొండు మంది పెద్దల ఎదుట సుమ అడిగిన ప్రశ్న ఇది.  ఆ పదకొండు మందిలో నేనొకతెను. వారి ఎదురింట్లో ఉంటాను. ఆ క్షణంలో నా చేతిలో ఉల్లిపాయ పకోడీల పళ్లెం ఉంది.

పంపవలసినది శాశ్వత నివాసానికి, అంటే పీఆర్‌కి, దరఖాస్తు. సుమ తల్లి కళావతి ఏడేళ్ల క్రితం చదువు వీసా మీద నరసరావుపేట నుంచి ఇక్కడికి వచ్చింది. భర్త చలపతి, కూతురు సుమ, కొడుకు కౌశల్ ఆమె వెంట వచ్చారు. చదువు ముగిశాక కళావతి ఒక ఏజ్డ్ కేర్ హోమ్‌లో వృద్ధులను లేవదీసి స్నానం చేయించే పనిలో కుదిరింది. ఆ హోమ్ యాజమాన్యం ఆమెను శాశ్వతంగా ఉంచుకుంటామని ఇచ్చిన ఉత్తరం సరిగ్గా ముందురోజే వచ్చింది. కాగితాలన్నీ సిద్ధం. సంపాదన ఆమెది, వీసా ఆమెది. నిర్ణయాలు మాత్రం చలపతిగారివి.

ఆ కాగితాల మీద వేలాడుతున్నది సుమ చదువు. ఈ దేశంలో శాశ్వత నివాసి బిడ్డ ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో కట్టే ఫీజు ఒకటి. తాత్కాలిక వీసా బిడ్డ, అదే తరగతిలో, అదే బెంచీ మీద కూర్చుని కట్టేది దానికి నాలుగయిదు రెట్లు. రెండువేల ఇరవైలో పన్నెండో తరగతి పూర్తిచేసిన సుమకు ఫిజియోథెరపీలో సీటు వచ్చింది. ఫీజు ఉత్తరం చూసి చలపతి, "పీఆర్ రానీ తల్లీ, దర్జాగా చేరుదువుగానీ" అన్నారు. సుమ ఆగింది. ఒక ఏడాది కాదు, రెండేళ్లు కాదు; నాలుగున్నరేళ్లు ఆగింది.

ఆగడం కూడా ఒక ఉద్యోగమేనని ఆమెను చూసి తెలుసుకున్నాను. తల్లి దరఖాస్తులో బిడ్డగా నిలవాలంటే ఇరవై మూడేళ్లు నిండి ఉండకూడదు; పైగా తల్లిదండ్రుల మీద ఆధారపడి ఉండాలి. అందువల్ల సొంత కాళ్ల మీద నిలబడే అవకాశం వచ్చినప్పుడల్లా సుమ వెనక్కి తగ్గవలసి వచ్చింది. గుంగాలిన్‌లో ఒక కఫేవారు పూర్తికాలపు ఉద్యోగం ఇస్తామంటే చలపతి వద్దన్నారు. ఖాళీగా కూర్చోలేక ఆ అమ్మాయి మా చుట్టుపక్కల తెలుగువారందరి ఫారాలూ నింపి పెట్టేది. బడి ఫారం, పన్ను ఫారం, వీసా ఫారం. నా పింఛను కాగితాలూ ఆమే నింపింది. ఎవరూ ఆమెకు ఏమీ ఇవ్వలేదు, బుద్ధిమంతురాలు అన్నారు.

ఇక ఆమె పుట్టినరోజు సంగతి. సుమ రెండువేల రెండు నవంబరులో, కార్తీక పౌర్ణమినాడు పుట్టింది. బళ్లో వేసేటప్పుడు నాలుగున్నర నెలలు తక్కువయి ఏడాది వృథా అవుతుందని తాతగారు జులై ఒకటి అని రాయించారు. తరవాత మునిసిపాలిటీ కాగితం దానికి తగ్గట్టు తెప్పించారు. దాన్ని బట్టి పాస్‌పోర్టు వచ్చింది. మనలో ఇది తప్పు కాదు, ఆనవాయితీ. ఇంట్లో ఒక పుట్టినరోజు, సర్టిఫికెట్టులో ఒకటి. చలపతిగారికి ఇంట్లోదే లెక్క. పారమట్టాలోని వీసా ఏజెంటు ఈశ్వరప్రసాద్ ఫోన్‌లో "అమ్మాయికి ఇరవై మూడు ఎప్పుడు నిండుతాయి?" అని అడిగినప్పుడు, తడుముకోకుండా "నవంబర్లోనండీ" అన్నారు.

ఆ శనివారానికి ఆషాఢం వచ్చి మూడో రోజు.

"డాడీ, పాస్‌పోర్ట్‌లో నాది జులై ఫస్ట్," అంది సుమ. "ట్యూస్‌డేకి ట్వెంటీ త్రీ. ఇవాళే పంపిస్తే ఏం పోతుంది?"

"ఆషాఢం పెట్టుకుని ఎవరన్నా పీఆర్ వేస్తారంటే?" చలపతి నవ్వుతూనే అన్నారు. "పెళ్లి ఆపుతాం, గృహప్రవేశం ఆపుతాం, ఇదొక్కటీ ఆపమా? ఏడేళ్లు ఆగినోళ్లం, నెల ఆగలేమా?"

"నా బర్త్‌డే..."

"అది బళ్లో రాయించింది తల్లీ. మీ తాతయ్య చేసిన పని. నువ్వు పుట్టింది కార్తీక పౌర్ణమినాడు. కావాలంటే మీ అమ్మనడుగు. నొప్పులు పడింది ఆవిడ, ఇమ్మిగ్రేషన్ వాళ్లు కాదు."

అందరూ నవ్వారు. చలపతి స్నేహితుడు కోటేశ్వరరావుకి అంతకంటే మంచి సందర్భం దొరకలేదు.

"మాదీ అంతేగా బావా! మా హెడ్మాస్టరు క్లాసు మొత్తానికీ జూన్ ఒకటే వేసేశాడు. నలభై రెండు మందిమి ఒకే రోజు పుట్టాం. మా ఆఫీసులో హెచ్ఆర్ పిల్ల ఏటా కేకు తెస్తుంది. ఎవడి పుట్టినరోజు కేకు తింటన్నానో ఇప్పటిదాకా నాకే తెలీదు!"

"డాడ్, జస్ట్ హిట్ సబ్మిట్," అన్నాడు పదిహేడేళ్ల కౌశల్, ఫోన్ లోంచి తల ఎత్తకుండా. "షీ హాజ్ అ పాయింట్."

"నువ్వు ముందు మేథ్స్‌లో మార్కులు తెచ్చుకోరా."

మళ్లీ నవ్వులు. సుమ నవ్వలేదు. నావైపు తిరిగింది. "ఆంటీ, మీరు చెప్పండి."

ముప్పై ఒక్క సంవత్సరాలు కాలేజీలో పాఠాలు చెప్పిన నోటితో నేనన్న మాట ఇది: "పెద్దవాళ్లు ఆలోచించే చేస్తారులే అమ్మా." ఆ మాట అన్నాక ఒక పకోడీ తిన్నాను.

దరఖాస్తు సుమ లాప్‌టాప్‌లోనే తెరిచి ఉంది. చివరి మీట నొక్కాలంటే రుసుము కట్టాలి. కార్డు తండ్రి జేబులో ఉంది. మంగళవారం వచ్చింది, వెళ్లింది. ఆ ఇంట్లో ఎవరూ కేకు కోయలేదు, ఎందుకంటే ఆ ఇంట్లో అది ఎవరి పుట్టినరోజూ కాదు.

జులై ఇరవై అయిదున శ్రావణ శుక్రవారం నాకు కబురు వచ్చింది. వెళ్లేసరికి లాప్‌టాప్‌కి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టారు. కళావతి రాత్రి డ్యూటీ నుంచి వచ్చి, తలంటుకుని, పట్టుచీర కట్టుకుంది. సుమ అంకెలు సరిచూస్తోంది. ఈశ్వరప్రసాద్ ఫోన్‌లో స్పీకర్ మీద ఉన్నాడు. ముందురోజు పంపిన పాస్‌పోర్టు నకళ్లు అతను అప్పుడే మొదటిసారి తెరిచాడు.

"సార్, ఒక్క నిమిషం. అమ్మాయి డేటు ఇక్కడ జులై ఒకటి ఉంది. మీరు నవంబరన్నారు."

"నవంబరేనండీ. అది సర్టిఫికెట్ డేటు."

"ఇక్కడ సర్టిఫికెట్ డేటే డేటు సార్. ట్వెంటీ త్రీ దాటి ఇరవై నాలుగు రోజులైంది. జూన్ ఎండింగ్‌లో వేసుంటే నో ఇష్యూ. పేపర్స్ అన్నీ రెడీగానే ఉన్నాయిగా, ఎందుకాపారు?"

ఆషాఢమని చెప్పడానికి చలపతిగారికి నోరు రాలేదు. "ఆఫీసులో కాస్త బిజీ అయ్యామండీ," అన్నారు.

ఆ తరవాత ఆయన వరసగా దారులు వెతికారు. నరసరావుపేటలో మనవాళ్లున్నారు, మునిసిపాలిటీలో మార్పిస్తాను. నోటరీతో అఫిడవిట్ తెప్పిస్తాను. కాన్పు చేసిన డాక్టరమ్మ ఇంకా బతికే ఉంది. ఈశ్వరప్రసాద్ అన్నీ విన్నాడు.

"ఏడేళ్లుగా ప్రతి ఫారంలోనూ జులై ఒకటి రాశారు. ఇవాళ కాదంటే, మరి అప్పుడు రాసిందంతా అబద్ధమా అంటారు. అప్పుడు నలుగురికీ ప్రాబ్లం. అబ్బాయికి ఫిబ్రవరిలో యూనివర్సిటీ కదా? నా మాట వినండి. అమ్మాయిని పక్కన పెడితే మీ ముగ్గురిదీ క్లీన్ కేసు."

క్లీన్ కేసు. ఆ రెండు మాటలూ స్పీకర్‌లోంచి వచ్చి హాలంతా వినిపించాయి. సుమ చేతులు కీబోర్డు మీదే ఉన్నాయి.

"వద్దండీ, ఆపండి," అంది కళావతి. "ఇంకెవరన్నా లాయర్ని అడుగుదాం. ఒక్క వారం."

"ఆపితే వీడి సంగతేంటి? ఒకళ్ల కోసం ఇద్దరినీ ముంచమంటావా?"

"నా వీసానే కదండీ అది."

"అందుకనే చెప్తున్నా. నీ కొడుకు గురించి ఆలోచించు."

కౌశల్ లేచి తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. కళావతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇరవై మూడేళ్ల క్రితం ఆ బిడ్డను కన్న తేదీకి బతికున్న మొదటి సాక్షి ఆమె. ఆమె సాక్ష్యం ఎక్కడా చెల్లలేదు, సొంత ఇంట్లో కూడా.

చలపతి గోడ గడియారం వైపు చూశారు. "సుమా. నీ పేరు తీసెయ్యమ్మా."

"తీయడానికుండదు డాడీ." గొంతు మామూలుగానే ఉంది, ఎవరి ఫారమో నింపుతున్నట్టు. "ఫ్యామిలీలో ఉన్నాననే రాయాలి. కానీ మీతోపాటు అప్లై చెయ్యట్లేదు అని టిక్ పెట్టాలి."

"అదేదో పెట్టు. నీకే కదా తెలుసు."

"ఇంకో కొశ్చన్ ఉంది. నేను మీమీద ఆధారపడి ఉన్నానా అని. ఏం పెట్టమంటారు?"

ఫోన్‌లోంచి ఈశ్వరప్రసాద్ చెప్పాడు: "నో పెట్టమ్మా. ఇరవై మూడు దాటాక వాళ్ల లెక్కలో అంతే."

సుమ ఆ మీట మీద వేలు ఉంచి ఆగింది. నాలుగున్నరేళ్లుగా ఆమె చేసిన ఒకే ఒక్క పని ఆధారపడి ఉండడం. అది కూడా లేదని తన చేత్తో తానే రాయాలి.

"కానివ్వమ్మా," అన్నారు చలపతి. "పదిన్నరకి రాహుకాలం వచ్చేస్తుంది."

పది ఇరవై నాలుగుకి దరఖాస్తు వెళ్లింది. నేను అక్కడే ఉన్నాను. ఈసారి నా చేతిలో పళ్లెం లేదు, అడ్డుపడడానికి అంతకన్నా అనువైన సమయమూ లేదు. అడ్డుపడలేదు.

జనవరి రెండో వారంలో ముగ్గురికి శాశ్వత నివాసం మంజూరైంది. కౌశల్ స్వదేశీ విద్యార్థుల ఫీజుతో కామర్స్‌లో చేరాడు. సుమ తాత్కాలిక వీసా మార్చిలో ముగియాల్సి ఉంది. ఆమె ఏటేటా పొడిగింపు అడిగి నిలుపుకుంటూ వచ్చిన ఫిజియోథెరపీ సీటు గడువు తీరిందనీ, విదేశీ విద్యార్థినిగా మళ్లీ దరఖాస్తు పెట్టుకుంటే సంతోషిస్తామనీ విశ్వవిద్యాలయం వారు మర్యాదగా రాశారు. ఆ ఉత్తరం సుమ నాకు చూపించింది. అందులో ఒక్క పరుషమైన మాట లేదు.

మనవారి సలహాలకు కొదవ లేదు. కోటేశ్వరరావు భార్య ఒక ఆదివారం ఆ ఇంటికి వచ్చి, వంటింటి గుమ్మంలో నిలబడి మొదలుపెట్టింది. "ఎందుకమ్మా బెంగ? వెర్రిబీలో మా ఆడపడుచు కొడుకున్నాడు. సిటిజన్. వాణ్ణి చేసుకున్నావంటే నీ వీసా సంగతి వాడే చూసుకుంటాడు. ముప్పై తొమ్మిదిలే, కానీ అలా కనపడడు."

"సర్టిఫికెట్‌లోనా ఆంటీ, నిజంగానా?" అని అడిగింది సుమ.

ఆవిడ ఆ రోజంతా ఈ కాలపు పిల్లల పొగరు గురించి మాట్లాడింది.

మార్చి ఏడున సుమ వెళ్లిపోయింది. నరసరావుపేటలో ఇల్లు లేదు. కళావతి చదువు ఫీజు కోసం ఏనాడో అమ్మేశారు. హైదరాబాదులో ఒక లేడీస్ హాస్టల్లో నలుగురున్న గదిలో మంచం తీసుకుంది. విదేశీ చదువుల కన్సల్టెన్సీ ఒకటి ఆమెను వెంటనే పనిలోకి తీసుకుంది, ఆస్ట్రేలియా ఫారాల్లో అంత అనుభవం ఉన్న మనిషి వారికి అరుదు కనుక. విమానాశ్రయంలో కళావతి ఏడ్చింది. చలపతి సామాను తూకం గురించి మాట్లాడారు. చివరి నిమిషంలో కూతురి తల మీద చెయ్యి వేసి, "సెటిలయ్యాక విజిటర్ వీసా వేద్దాంలే తల్లీ" అన్నారు.

"ఆ ఫారం మీరే నింపుకోండి డాడీ," అని లోపలికి వెళ్లిపోయింది.

ఆ మరునాడు, ఆదివారం ఉదయం, మన కాన్‌బెరా తెలుగువారి వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో వచ్చింది. విశ్వవిద్యాలయం పేరున్న రాతి ముందు కౌశల్, అటూ ఇటూ తల్లీ తండ్రీ. కింద చలపతిగారి మాటలు: "అందరి ఆశీస్సులతో మా కుటుంబానికి పీఆర్ వచ్చింది, బాబు యూనిలో చేరాడు." మా కుటుంబానికి. మధ్యాహ్నానికి నూట ముప్పై ఏడు మంది స్పందించారు. చేతులు జోడించిన బొమ్మలు, లడ్డూలు, బెలూన్లు. ముహూర్తబలం అని ఒకరు. పిల్లలంటే ఇలా ఉండాలి అని మరొకరు. తమ ఫారాలు సుమ చేత నింపించుకున్నవారి పేర్లు వాటిలో పందొమ్మిది లెక్కపెట్టాను. ఇరవయ్యో పేరు నాది. ఆ ఉదయం నిద్రమత్తులో, ఏమిటో పూర్తిగా చదవకుండానే, నేనూ ఒక పువ్వు పెట్టాను. మళ్లీ చదివి, తీసేశాను.

ఇది చదువుతున్న మీలో చాలామంది ఆ గ్రూపులో ఉన్నారు. ఫోన్ చేతిలోకి తీసుకోండి. మార్చి ఎనిమిది దాకా వెనక్కి వెళ్లండి. మీరు పెట్టిన అభినందన వెతకండి. తీసేయండి. ఎందుకు తీశారని చలపతిగారు అడిగితే, ఆ ఇంట్లో నలుగురుండేవారని చెప్పండి.