నున్నటి చెంపలు

మా ఆయనకు నోట్లో నాలుక లేదు. ఆ లోటు నేనే పూడుస్తున్నానని మామయ్య వేళాకోళమాడేవాడు. తండ్రీకొడుకులిద్దరిదీ ఒకటే సెలూన్. కింద కొట్టు, పైన మా కాపురం. అత్తయ్య పోయాక వంట నాది, ఊడ్పు నాది, ఇంట్లో కోపమంతా కూడా నాదే.

సెలూన్ నడిపే ఇంట్లో మగపిల్లాడికి మీసం రాకపోతే డాక్టరు ఎవరికి గుర్తొస్తాడు? కత్తి గుర్తొస్తుంది. కత్తి పడేకొద్దీ వెంట్రుక ముదురుతుందని మామయ్య నమ్మకం. కొడుకు ఎదిగే వయసులో రోజూ కొట్టు తెరవకముందే కుర్చీలో కూర్చోబెట్టి, నురగ పూసి, లేని గడ్డాన్ని గీసేవాడట. పిల్లాడు గడకర్రలా పొడుగయ్యాడు. కాళ్లూ చేతులూ సాగాయి, ఛాతీ మెత్తగా ఉబ్బింది, చెంపలు మాత్రం నున్నగానే ఉండిపోయాయి. "మావాడిది లేత చర్మం" అని మామయ్య వచ్చినవాళ్లందరికీ చెప్పుకున్నాడు. డాక్టరుకు చూపించమని ఒక్కరంటే ఒక్కరు అనలేదు!

పెళ్లయి ఏళ్లు గడిచినా కడుపు పండకపోతే అందరి చూపూ నా మీదే. పరీక్షలన్నీ నాకే. చివరికి ఒంటికాలి మీద లేచి నేనే ఆయన్ని ఆసుపత్రికి లాక్కెళ్లాను.

డాక్టరమ్మ రక్తపరీక్ష చూసి నిదానంగా చెప్పింది. "మగవాళ్లకి మామూలుగా ఒక ఎక్స్, ఒక వై క్రోమోజోమ్ ఉంటాయమ్మా. ఈయనకి పుట్టుకతోనే ఇంకో ఎక్స్ ఎక్కువుంది. అందుకే వృషణాలు ఎదగలేదు, మగ హార్మోను సరిగ్గా తయారవదు. వీర్యంలో కణాలు లేవు. ఇందులో ఎవరి తప్పూ లేదు."

"మరి నేను మగాణ్ణేనా?" అన్నాడాయన.

"నిక్షేపంగా మగవారే. కాకపోతే మీరు రాసుకుంటున్న ఆ జెల్ ఇవాళే మానేయండి."

అంతకుముందు ఏడాది ఇంకో డాక్టరు ఏ పరీక్షా లేకుండా నీరసానికని హార్మోను జెల్ రాసిచ్చాడు. భుజాలకు రాసుకుంటే ఆయనకు జీవితంలో మొదటిసారి గడ్డం మొలిచింది. మామయ్య మొహం చేటంత అయింది. ఇప్పుడు అదే వద్దంటోంది డాక్టరమ్మ. బయటి నుంచి హార్మోను పడితే, లోపల కణాలు తయారయ్యే కాస్త అవకాశం కూడా ఆగిపోతుందట. కొన్ని నెలలు మానేశాక ఆపరేషన్ చేసి వృషణంలో వెతుకుతారు. నాలుగు కణాలు దొరికినా బిడ్డ మీద ఆశ ఉంటుంది. దొరక్కపోవచ్చు కూడా. మాటిమాటికీ కోసి చూసేది కాదనీ చెప్పింది.

ఆయన మానేశాడు. ఒళ్లు తూలిపోయేది, గడ్డం పలచబడింది. "ఏం బాబూ, నీ గడ్డం కూడా మీ నాన్నే గీసి దాచుకున్నాడా?" అని కుర్చీలో కూర్చున్నవాళ్లు పళ్లు ఇకిలించేవాళ్లు. ఆయన నవ్వి ఊరుకునేవాడు. మామయ్య చూస్తూ ఊరుకోలేకపోయాడు. మళ్లీ రోజూ పొద్దున్నే కొడుకును కూర్చోబెట్టి, తనే కలిపిన క్రీముతో మొహానికి మర్దన మొదలుపెట్టాడు. చూసి ముచ్చటపడ్డాను, నా మొహం!

ఆపరేషన్‌లో ఏమీ దొరకలేదు.

కుట్లు చూపించుకోవడానికి వెళ్తే డాక్టరమ్మ చిరాగ్గా ఉంది. "ఆపరేషన్ రోజు తీసిన రక్తంలో హార్మోను చాలా ఎక్కువుంది. జెల్ మానలేదా? మీ మాట నమ్మి నేను ముందే పరీక్ష చేయించలేదు. మానినా దొరికేవో లేదో ఎవరం చెప్పలేం. కానీ ఉన్న కాస్త అవకాశమూ పోగొట్టుకున్నారు."

"ఒట్టు, మానేశాను," అన్నాడాయన.

నేను నమ్మలేదు. దారంతా దులిపేశాను. "నీ గడ్డం కోసం నా బిడ్డని లేకుండా చేశావు" అన్నాను. కుట్లు లాగుతుంటే ఆయన గోడ పట్టుకుని ఆగాడు. నేను ఆగలేదు.

కొట్టులో మామయ్య ఒక్కడే ఉన్నాడు. సంగతి విని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. తర్వాత కొడుకు గడ్డం పుచ్చుకుని వెలుతురుకేసి తిప్పి చూశాడు.

"పోనీరా, దిగులు పడకు. ఇదిగో, గడ్డమైనా తిరిగొస్తోంది. నువ్వు మానేసిన మందే కొనుక్కొచ్చి క్రీములో కలిపి రాస్తున్నా. భుజాలకి రాస్తే ఒళ్లంతా పాకుతుందేమో గానీ, మొహానికి రాసింది మొహం దాటి ఎక్కడికి పోతుందిరా? ఇన్నేళ్లుగా ఎన్ని మొహాలు చూడలేదు నేను!"

నోరు తెరిచాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు, ఎముక నొప్పి పుట్టేంత గట్టిగా.

"మంచిపని చేశావు నాన్నా," అన్నాడు.

మామయ్య కళ్లు తుడుచుకుని దువ్వెనలు కడగడానికి లేచాడు. మేడెక్కి తలుపు వేసేదాకా ఎలా ఆగానో నాకే తెలియదు.

"మామయ్యకేమో మంచిపని చేశావన్నావు! మరి నాకేం చెప్తావు? నీకు మీ నాన్న మనసు నొచ్చుకోకపోతే చాలు. నాకు బిడ్డ కావాలయ్యా, బిడ్డ!"

ఆయన మంచం పట్టుకుని మెల్లగా నేల మీదికి దిగి కూర్చున్నాడు. మోకాళ్ల మధ్య తల పెట్టుకున్నాడు.

"నాక్కూడా కావాలే," అన్నాడు.