పందొమ్మిది రోజుల క్యాచర్

లాడిస్ వ్రానా చలికాలమంతా నెబ్రాస్కాలో గోధుమ బస్తాలు మోసేవాడు. ఎండాకాలం చిన్న లీగుల్లో బేస్‌బాల్ ఆడేవాడు. బ్యాటర్ వెనక గొంతుక్కూర్చుని బంతి పట్టే క్యాచర్ పని అతనిది. 1938 ఆగస్టులో పెద్ద లీగు జట్టొకదాని క్యాచర్లిద్దరికీ వేళ్లు విరగడంతో, ఇరవై తొమ్మిదో ఏట అతనికి పిలుపొచ్చింది.

అతను చేరిన పదిహేడో రోజు ఆటలో ఎదుటి జట్టు బ్యాటర్ కోయిల్‌కి కణతమీద బంతి తగిలింది. పడ్డాడు, లేచాడు, దుమ్ము దులుపుకున్నాడు. జనం చప్పట్లు కొట్టారు.

ఆట చివరికొచ్చింది. లాడిస్ జట్టు ఒక్క పరుగు ముందుంది. ఎదుటివాళ్లు ఇద్దరు పరుగుకి కాచుకుని ఉన్నారు. ఇంకొక్కడు అవుటైతే గెలుపే. మళ్లీ కోయిలే వచ్చాడు. తొలి బంతి లాడిస్ చేతికి చేరాక గానీ అతను బ్యాట్ ఊపలేదు. లాడిస్ తలెత్తి చూశాడు. కోయిల్ ఒక కంటిపాప మామూలుగా ఉంది, రెండోది చొక్కా గుండీ అంత అయింది.

"ఏమయ్యా, బాగానే ఉన్నావా?"

"నీ పని నువ్వు చూసుకో. ఒకేసారి రెండు బంతులు విసురుతాడేంటి మీవాడు?"

లాడిస్ లేచి అంపైర్‌ని పిలిచాడు. లాడిస్ జట్టు మేనేజర్ ప్రూయిట్ పరుగెత్తుకొచ్చాడు.

"ఒరేయ్ వ్రానా! చేతిలో ఉన్న ఆటరా ఇది! నిన్ను నర్సుపనికి తెచ్చుకున్నానా?"

"ఒక్కసారి ఆయన కళ్లు చూడండి సార్."

ప్రూయిట్ చూడలేదు. అంపైర్ చూశాడు, కోయిల్‌ని ఆసుపత్రికి పంపాడు. బదులుగా వచ్చినవాడు రెండో బంతినే కంచెదాకా కొట్టాడు. కాచుకున్న ఇద్దరూ పరుగు పూర్తిచేశారు, ఆట పోయింది.

ఆ సాయంత్రమే డాక్టర్లు కోయిల్ పుర్రె తెరిచి గడ్డకట్టిన రక్తం తీశారు. గంట ఆలస్యమైతే దక్కేవాడు కాదన్నారు. రెండ్రోజులకి ప్రూయిట్ లాడిస్‌ని ఇంటికి పంపేశాడు. పెద్ద లీగులో అతను ఉన్నది మొత్తం పందొమ్మిది రోజులు. మళ్లీ ఎవరూ పిలవలేదు.

స్టేషన్‌కి భార్య అల్బీనా వచ్చింది.

"నీవల్లే ఓడిపోయారని పేపర్లో వేశారు."

"పేరైనా సరిగ్గా వేశారా?"

"బ్రౌన్ అని వేశారు."

ఆమె నవ్వింది. నవ్వబోయిన లాడిస్ పెట్టెమీద కూలబడి ఏడ్చేశాడు. చిన్న లీగుల్లో ఎనిమిదేళ్ల కష్టం మరి. అల్బీనా పక్కనే నిలబడింది.

మరుసటి వసంతంలో కోయిల్ లాడిస్ పనిచేసే గోధుమ గిడ్డంగి వెతుక్కుంటూ వచ్చాడు. మాట కొంచెం తడబడుతోంది. అతనూ ఇక ఆడడు.

"ఆ రోజు నిన్ను చంపేద్దామనిపించింది," అన్నాడు.

"మా మేనేజర్‌కీ అలాగే అనిపించింది."

అల్బీనా వంట అయ్యేలోగా ఇద్దరూ గిడ్డంగి వెనక బంతి విసురుకున్నారు. కోయిల్ చేతినుంచి జారిన ప్రతిసారీ లాడిస్ తనే వెళ్లి తెచ్చాడు. తొందరపడలేదు.